వాకిళ్ళ దేశం: భూటాన్ శాంతికి వచ్చిన పరీక్ష

మెత్తనివానిని చూస్తే మొత్తబుద్ధి అని మనకొక సామెత ఉన్నది. మనుష్యుల విషయంలో పుట్టిన ఈ మాట దేశాల విషయంలోనూ తరచుగా నిజమైనది. పెద్ద సైన్యం లేక, పొరుగువారితో కయ్యం పెట్టుకొనక, తన పంటలూ తన పండుగలూ చూచుకొంటూ బ్రతికే చిన్న దేశం ఒకటి ఉన్నదనుకొందము. దానిమీద దండెత్తి వచ్చే రాజు ఈ కాలంలో లేకపోవచ్చును. కాని పక్క దేశపు ప్రభుత్వంతో పోరాడుతున్న సాయుధులకు దాగుకొనే చోటు కావలసి వచ్చినప్పుడు వారు మొదట చూచేది అట్టి దేశపు అడవుల వైపే. వారికి ఆ దేశంతో పగ ఉండదు. ఆ దేశం తమను ఏమీ చేయలేదనే ధీమా మాత్రం ఉంటుంది. ఆ ధీమాతో వచ్చి ఇంటిలో కూర్చున్నవానిని శాంతిదేశం ఏమి చేయవలెను? ఊరకుంటే ఇల్లు పోతుంది. కత్తి పట్టితే స్వభావం పోతుంది.

ఈ ధర్మసంకటాన్ని మన ఈశాన్యపు పొరుగున ఉన్న భూటాన్ రాజ్యం 1990 తరువాత సుమారు పుష్కరకాలం అనుభవించినది. 2003 డిసెంబరులో దానికి ఒక ముగింపు చూచినది. ఆ పోరాటం జరిగిన కాలం కొద్ది వారాలే. అసలు కథ ఆ వారాలకు ముందు గడిచిన ఏండ్లలోనూ, తరువాత ఆ దేశం నడుచుకొన్న తీరులోనూ ఉన్నది. ఆయుధశాలలోని తుపాకులను లెక్కపెట్టి శాంతిదేశపు బలాన్ని తెలుసుకొనలేము. తన పొలిమేరలను అది ఎంతగా ఎరిగి ఉన్నది, మాటతో తీరే అవకాశం ఉన్నంతవరకు ఎంత ఓర్పుతో మాటను నమ్ముకొన్నది, పొలిమేరలో బ్రతికేవారిని ఎంతగా తనవారినిగా చూచుకొన్నది అనే మూడు ప్రశ్నలు వేసి దానిని తెలుసుకొనవలెను. భూటాన్ మొదటి ప్రశ్నకు ఆలస్యంగానైనా సమాధానం చెప్పినది. రెండవదానికి గౌరవంగా చెప్పినది. మూడవదానికి ఇంకను చెప్పవలసి ఉన్నది.

భూటాన్ విస్తీర్ణం సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు. 2005 నాటి జనగణనలో అక్కడ నివసించేవారు 6 లక్షల 35 వేల మంది. ఉత్తరాన హిమాలయ శిఖరాలు. దక్షిణాన కొండలు ఒక్కసారిగా దిగి అస్సాం, బెంగాల్ మైదానాలలో కలుస్తవి. కొండలోయలు మైదానానికి తెరుచుకొనే చోట్లను అక్కడివారు ద్వార్‌లని పిలుస్తారు. అది మన ద్వారం అనే మాటే. బెంగాల్ వైపు పదకొండు, అస్సాం వైపు ఏడు, మొత్తం పదునెనిమిది ద్వారాలని పూర్వపు లెక్క. ఒకప్పుడు ఈ వాకిళ్ళ ముందరి పంటభూములపై భూటాన్‌కు అధికారం ఉండెడిది. 1864లో ఆంగ్లేయులతో యుద్ధం వచ్చినది. 1865 ఆరంభంలో దేవాంగిరి దగ్గర భూటాన్ యోధులు ఆంగ్లేయ సేనను వెనుకకు నెట్టినారు. కొద్ది నెలలకే ఆ చోటు మళ్ళీ ఆంగ్లేయుల వశమైనది. 1865 నవంబరు 11న సించులా సంధి జరిగినది. ద్వారాలన్నీ బ్రిటిషు ఇండియాలో కలిసిపోయినవి. వాటికి బదులుగా ఏటా 50,000 రూపాయలు భూటాన్‌కు ముట్టే ఏర్పాటు జరిగినది. ఇల్లు తనదై, వాకిలి పరులదైన స్థితి అది.

ఆ సరిహద్దు పటం మీద స్పష్టంగా ఉన్నంతగా నేల మీద ఉండలేదు. కొండవారు నారింజపండ్లు, ఏలకులు క్రిందికి తెచ్చి అమ్ముకొని బియ్యం, ఉప్పు, బట్టలు పైకి తీసికొనిపోయేవారు. అడవికి గీత తెలియదు. మానస్ నది ఒడ్డున ఏనుగులు ఆ దేశంలో మేసి ఈ దేశంలో నీరు త్రాగినవి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. దేశాన్ని తూర్పునుండి పడమటికి కలిపే కొండబాట పూర్తి అయ్యేవరకు భూటాన్‌వారు ఒక కొసనుండి మరొక కొసకు పోవలెనంటే అస్సాం మైదానంలోకి దిగి, అక్కడి రోడ్డు మీదుగా పోయి, మళ్ళీ కొండ ఎక్కవలసి వచ్చేది. కొండబాట పడిన తరువాత కూడ సమ్‌ద్రుప్ జోంఖర్ నుండి ఫుంత్‌షోలింగ్‌కు పోయే బస్సులకూ, సరకుల బండ్లకూ మైదానపు దారే దగ్గర. తన దేశంలో ప్రయాణం చేయుటకు పొరుగు నేల త్రొక్కవలసిన ప్రజలు ఎంత సులభంగా ఇతరుల చేతికి చిక్కగలరో తరువాత తెలిసివచ్చినది.

భూటాన్ పుట్టుకతోనే శాంతిదేశమని అనుకొనుట పొరపాటు. 1616లో టిబెట్టు నుండి వచ్చిన ఙవాంగ్ నమ్‌గ్యెల్ ఆ లోయలను ఒక రాజ్యంగా కూర్చినాడు. ఆయన కట్టించిన జోంగ్‌లలో మఠమూ కోటా ఒకే గోడ లోపల ఉండుట ఆ కాలపు అవసరాన్ని చెప్తున్నది. టిబెట్టు సేనలు పలుమార్లు వచ్చినవి, పలుమార్లు మరలిపోయినవి. పారో లోయ చివర 1649లో కట్టిన ద్రుక్‌గ్యెల్ జోంగ్ అట్టి విజయానికి గుర్తు. పందొమ్మిదవ శతాబ్దమంతా లోపలి కలహాలతో గడిచినది. 1907 డిసెంబరు 17న ఉగ్యెన్ వాంగ్‌చుక్ మొదటి రాజైన తరువాతనే దేశం కుదుటపడినది. మూడవ రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ 1953లో షోగ్దు అనే జాతీయసభను స్థాపించి, దాస్యాన్ని రద్దుచేసి, రోడ్లూ పాఠశాలలూ వేయించినాడు. ఆ మార్పుల నడుమనే 1964 ఏప్రిల్ 5న ప్రధానమంత్రి జిగ్మే పాల్దెన్ దోర్జీ ఫుంత్‌షోలింగ్‌లో తుపాకి గుండుకు బలి అయినాడు. కాబట్టి ఆ దేశానికి హింస తెలియనిది కాదు. హింసను ఎరిగి, దానిని దూరంగా ఉంచదలచి, శాంతిని కష్టపడి సంపాదించుకొన్న దేశమది. నాల్గవ రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ కాలంలో దేశపు సంపద కంటె ప్రజల ఆనందం ముఖ్యమనే మాట రాజ్యవిధానమైనది. సైన్యం సుమారు 6,000. దానికి శిక్షణ ఇచ్చినది భారతదేశం. 1865 తరువాత ఆ దేశం బయటివారితో యుద్ధం చేయలేదు.

ఇక కొండ దిగువన ఉన్న అస్సాం సంగతి చూతము. చమురు, తేయాకు, అడవి గల ఆ సీమలో తమ సంపద తమకు దక్కడం లేదనే బాధ, వలసలవల్ల తామే తక్కువవారమైపోతామనే భయం చాలకాలంగా పేరుకొన్నవి. 1979 ఏప్రిల్ 7న శివసాగర్‌లోని రంగ్‌ఘర్ వద్ద అస్సాం సంయుక్త విమోచన సంఘం, అంటే ఉల్ఫా, పుట్టినది. 1986లో బోడోల సాయుధ దళం ఏర్పడి, తరువాత బోడోలాండ్ జాతీయ ప్రజాస్వామిక కూటమి అనే పేరు పెట్టుకొన్నది. 1995లో ఉత్తర బెంగాల్ ప్రాంతంలో కామతాపూర్ విమోచన సంస్థ వచ్చినది. ఈ సంస్థల మొదటి ఫిర్యాదులలో న్యాయం ఎంత ఉన్నా, వారు పట్టిన దారిలో బలవంతపు వసూళ్ళు, అపహరణలు, హత్యలు నిత్యకృత్యాలైనవి. 1990 నవంబరులోనూ, 1991లోనూ భారతసైన్యం ఉల్ఫాపై పెద్దయెత్తున చర్యలు సాగించినది. తరుముబడినవారు ఉత్తరాన ఉన్న అడవిలోకి పోయినారు. ఆ అడవి భూటాన్‌ది.

వారెవరినీ అనుమతి అడగలేదు. సమ్‌ద్రుప్ జోంఖర్, పెమగాత్సెల్, సర్పాంగ్, జెంగాంగ్ జిల్లాల అడవులలో చిన్న గుడిసెలు వెలిసినవి. గుడిసెలు శిబిరాలైనవి. శిబిరాలకు కాపలాబురుజులు, శిక్షణామైదానాలు వచ్చినవి. 1990ల మధ్యకు వచ్చేసరికి విషయం ప్రభుత్వానికి బాగుగా తెలిసినది. అప్పటికే వారు పాతుకొనిపోయి ఉన్నారు. ఇంటిలో అతిథి లేడని గృహస్థు నిశ్చింతగా ఉండగా పెరట్లో పరాయివాడు కాపురం పెట్టినట్లయినది.

ఇది ఎట్లు సాధ్యమైనది? అడవి దట్టమైనది, కాపలా పలుచనిది అనేది మొదటి కారణం. రెండవ కారణం మరింత బాధాకరమైనది. 1990 ప్రాంతంలో దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడే ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య తీవ్రమైన ఘర్షణ జరిగి, వేలకొలది కుటుంబాలు ఊళ్ళు విడిచిపోయినవి. అనేక పాఠశాలలు, వైద్యశాలలు మూతపడినవి. మనుష్యులు తిరిగే పొలం గట్టున దొంగ నిలువలేడు; పడావుపడిన పొలంలో ఎవరైనా నిలువగలరు. మూడవ కారణం ఇంటిదొంగ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. శిబిరాలలో వేలమందికి బియ్యం, నూనె, మందులు కావలెను. అవి ఆకాశంనుండి ఊడిపడలేదు. కొందరు దుకాణదారులు లాభానికి అమ్మినారు. కొందరు భయానికి ఇచ్చినారు. కొందరు ఉద్యోగులు చూచీ చూడనట్లు ఊరుకొన్నారు. సాయుధులు రొక్కం చెల్లించి కొనేవారు. పేద సరిహద్దు బజారుకు ఆ రొక్కం తీపిగా ఉండెను. 2004లో భూటాన్ న్యాయస్థానాలు ఈ నేరానికి వందమందికి పైగా శిక్ష విధించినవి. దేశానికి కలిగిన ప్రమాదంలో పరాయివాని తుపాకి ఎంత పాలో, స్వజనుల లాభాపేక్ష కూడ అంత పాలు పంచుకొన్నదని ఆ తీర్పులు ఒప్పుకొన్నట్లయినది.

జాతీయసభలో ఈ విషయం 1997 మొదలుకొని ఏటేటా చర్చకు వచ్చినది. సభ్యులలో ఎక్కువమంది ఊరిపెద్దలు, రైతులు. వారి ముందున్న చిక్కు సామాన్యమైనది కాదు. శిబిరాలలో ఉన్నవారు సుమారు 3,000 మందని అంచనా. అడవిలో పదేండ్లు పోరాడి కాకలుతీరినవారు. భూటాన్ సైనికులు దానికి రెండింతలే. యుద్ధం చూచినవాడు వారిలో ఒక్కడు లేడు. అంతకంటె పెద్ద భయం రోడ్డుది. సైన్యం అడవిలో గెలిచినా, మరునాడు అస్సాం దారిలో పోయే భూటాన్ బస్సును ఎవరు కాపాడుతారు? ఈ భయం ఊహ కాదని 2000 డిసెంబరులో రుజువైనది. అస్సాంలో ప్రయాణం చేస్తున్న భూటాన్‌వారి వాహనాలపై దాడులు జరిగి పదిమందికి పైగా మరణించినారు. వారిలో ఎవరికీ ఏ పోరాటంతోనూ సంబంధం లేదు. ఏ దారినపోతే దేశపు రెండు కొసలు కలుస్తవో ఆ దారిమీదనే దేశం దెబ్బతిన్నది.

మరి ఊరకుంటే? అది కూడ శాంతి కాదు. నంగ్లాం వద్ద తలపెట్టిన సిమెంటు కర్మాగారపు పని నిలిచిపోయినది. మానస్ అడవి కాపలావారికి అందుబాటులో లేకుండా పోయినది. పొరుగుదేశానికి చేసే కీడు తన నేలమీద తయారగుచుండగా ఎరగనట్లు కూర్చునే దేశానికి మైత్రి ఎన్నాళ్ళు నిలుస్తుంది? భారతదేశం ఒత్తిడి చేసినది. రెండు సైన్యాలూ కలిసి పనిచేయవచ్చునని సూచించినది. భూటాన్ అందుకు ఒప్పుకొనలేదు. పరదేశపు సైన్యాన్ని, అది మిత్రసైన్యమే అయినా, తన కొండలపైకి పిలిచి తన ఇల్లు శుభ్రం చేయించుకొన్న దేశం తరువాత ఆ ఇంటికి తానే యజమానినని చెప్పుకొనుట కష్టం. తన సమస్యను తానే తీర్చుకొంటానని, కాని మొదట మాటతో ప్రయత్నిస్తానని ఆ దేశం నిశ్చయించుకొన్నది.

మన నీతిశాస్త్రాలు సామ దాన భేద దండాలని నాలుగు ఉపాయాలను వరుసగా చెప్పినవి. ఆ వరుసలోనే బుద్ధి ఉన్నది. భూటాన్ జాతీయసభ తీర్మానాలు చదివితే ఆ వరుసే కనబడుతుంది. మొదట శిబిరాల నాయకులతో మాట్లాడి వెళ్ళిపొమ్మని నచ్చజెప్పుట. తరువాత వారికి అన్నపానాలు అందకుండా చేసి, అందించినవారిని 1992 నాటి జాతీయభద్రతా చట్టం క్రింద శిక్షించుట. ఇవేవీ ఫలించకపోతేనే సైన్యం. 2001 జూన్‌లో ఉల్ఫా తన తొమ్మిది శిబిరాలలో నాలుగింటిని ఆ డిసెంబరు ఆఖరులోగా మూసివేయుటకు ఒప్పుకొన్నది. మూసినామని చెప్పినది కూడ. తీరా చూస్తే అవి మరొకచోటికి మారినవి. 2003 నాటికి ఉల్ఫావి 13, బోడో కూటమివి 12, కామతాపూర్‌వారివి 5, మొత్తం 30 శిబిరాలు లెక్కకు వచ్చినవి.

ఈ ఏండ్లను చూచి భూటాన్‌ది చేతకానితనమని ఆనాడు అన్నవారు ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. ఆలస్యంవల్ల శిబిరాలు పెరిగినవి. కాని ఆ కాలం వ్యర్థం కాలేదు. ప్రతి సంవత్సరం ప్రతి లోయనుండి వచ్చిన సభ్యుడు ఈ సంగతి విని, తన ఊరికి పోయి చెప్పినాడు. ఏ ప్రయత్నం ఎప్పుడు ఎట్లు విఫలమైనదో దేశమంతటికీ తెలిసినది. కత్తి దూసే రోజు వచ్చినప్పుడు అది ఒక రాజు కోపంగా గాని, ఒక సేనాని తొందరగా గాని ఎవరికీ తోచలేదు. యుద్ధానికి ముందు ప్రజలను రెచ్చగొట్టే దేశాలు అనేకం. యుద్ధం ఎందుకు తప్పలేదో ఆరేడేండ్లు ప్రజలతో కూర్చొని ఆలోచించిన దేశాలు అరుదు.

2003 వేసవిలో సమావేశమైన సభ చివరిసారి మాట్లాడి చూడవలెననీ, అదీ ఫలించకపోతే సైన్యాన్ని పంపవలెననీ తీర్మానించినది. రాజు పిలుపునందుకొని ఆరు వందలకు పైగా స్వచ్ఛంద సైనికులు శిక్షణ పొంది దక్షిణానికి పోయినారు. వారిలో ఉద్యోగులు, వర్తకులు, రాజకుమారుడొకడు ఉన్నారు. చివరి మాటలు ఫలించలేదు. డిసెంబరు 13న ఆఖరు హెచ్చరిక. డిసెంబరు 15న సైన్యం కదిలినది. జిగ్మే సింగ్యే రాజు రాజధానిలో ఉండక స్వయంగా దక్షిణాన నిలిచి సేనను నడిపినాడు. యుద్ధం అనే ఘోరకార్యాన్ని ఇతరులకు అప్పగించి తాను చేతులు కడుగుకొనరాదని ఆయన భావించి ఉండవలెను.

కొద్దిదినాలలోనే ముఖ్యమైన శిబిరాలన్నీ పడిపోయినవి; 2004 జనవరి మొదటి వారానికి ముప్పైయ్యూ నేలమట్టమైనవి. సరిహద్దుకు ఈవల భారతసైన్యం దారులు మూసి నిలిచినది. గాయపడిన భూటాన్ సైనికులకు చికిత్సలో తోడ్పడినది. కొండమీద పోరాడినది మాత్రం భూటాన్ సైన్యమే. పదిమందికి పైగా ఆ దేశపు సైనికులు ప్రాణాలర్పించినారు. సాయుధులలో చాలామంది మరణించినారు, చాలామంది పట్టుబడినారు. పట్టుబడినవారిలో ఉల్ఫా స్థాపకులలో ఒకడైన వృద్ధుడు భీమకాంత బురగోహాయిఁ ఉన్నాడు. శిబిరాలలో దొరికిన స్త్రీలనూ పిల్లలనూ అస్సాం పౌరాధికారులకు అప్పగించినారు. అడవిలో స్త్రీలూ పిల్లలూ ఉండుట ఆ శిబిరాలు తాత్కాలికపు మజిలీలు కావని, అవి కాపురాలైపోయినవని తెలుపుతున్నది. ఇంకొక పదేండ్లు ఊరకున్నట్లయితే అక్కడ ఒక తరం పుట్టి పెరిగి, అదే తమ దేశమని అనుకొని ఉండెడిది.

విజయం తరువాత జరిగినది గమనింపదగినది. విజయోత్సవం జరుగలేదు. థింఫు నుండి పునాఖాకు పోయే దారిలో, 3,000 మీటర్లకు పైబడిన దోచులా కనుమ మీద, రాజమాత ఆషీ దోర్జీ వాంగ్మో ఆధ్వర్యంలో 108 చోర్తెన్‌లు, అంటే చిన్న స్తూపాలు, వెలిసినవి. 2004లో వాటికి ప్రతిష్ఠ జరిగినది. సాంచి, అమరావతి స్తూపాలను చూచిన మనకు ఆ రూపం కొత్త కాదు. స్తూపానికి ప్రదక్షిణం చేసేవాడు శత్రువును తలచుకొనడు, మరణాన్ని తలచుకొంటాడు. 1649 నాటి విజయానికి గుర్తు ఒక కోట. 2003 నాటి విజయానికి గుర్తు స్తూపాల వరుస. ఈ మూడున్నర శతాబ్దాలలో ఆ దేశపు మనస్సు నడిచిన దూరం ఈ రెండు కట్టడాల మధ్య కనబడుతుంది.

యుద్ధంతో ప్రమాదం పూర్తిగా తొలగిపోలేదు. 2004 సెప్టెంబరు 5న, ఆదివారంనాడు, గెలెఫు పట్టణపు సంతలో బాంబు ప్రేలి ఇద్దరు మరణించినారు, అనేకులు గాయపడినారు. దానికి కొద్దిరోజుల ముందు, ఆగస్టు 15న, అస్సాంలోని ధేమాజీలో స్వాతంత్ర్యదినోత్సవానికి వచ్చిన బడిపిల్లలు ఉల్ఫా పెట్టిన బాంబుకు బలి అయినారు. శిబిరాలు పోయినా ద్వేషం పోలేదనుటకు ఇవి నిదర్శనాలు. సైన్యం కొంత వ్యవధిని సంపాదించి పెట్టగలదు. ఆ వ్యవధిని వినియోగించుకొనుట ఇతరుల పని. 2007 ఫిబ్రవరిలో భారతదేశమూ భూటానూ 1949 నాటి సంధిని సవరించుకొన్నవి. విదేశవ్యవహారాలలో భారతదేశపు సలహాను అనుసరించవలెననే పాత షరతు పోయినది. ఒకరి భద్రతకు హాని కలిగించే పనులకు రెండవవారి నేలను వాడనీయరాదనే మాట, ఇద్దరినీ సమానంగా కట్టివేస్తూ, దాని స్థానంలో చేరినది. తన ఇల్లు తాను చక్కబెట్టుకొన్న దేశానికి దొరికిన మర్యాదగా దీనిని చెప్పుకొనవచ్చును.

ఇక మూడవ ప్రశ్న. దక్షిణపు కొండవాలులలో నేపాలీ మాట్లాడే రైతులు పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండి స్థిరపడినారు. వారిని లోత్‌షాంపలు, అంటే దక్షిణాదివారు, అంటారు. 1958 చట్టం వారికి పౌరసత్వం ఇచ్చినది. 1985 చట్టం 1958 నాటికే నివాసం ఉన్నట్లు రుజువు చూపుమన్నది. 1988 జనగణనలో రుజువు చూపలేనివారిని పరాయివారుగా వ్రాసినారు. వేషభాషల విషయంలో ఉత్తరపు మర్యాదలను అందరిపై విధించినారు; బడులలో నేపాలీ చదువు ఆగిపోయినది. 1990లో దక్షిణాన ఊరేగింపులు జరిగినవి, హింస జరిగినది, ప్రభుత్వపు కఠినచర్యలు జరిగినవి. సిక్కిం రాజ్యం తమ కళ్ళముందే అంతరించుట చూచిన పాలకుల భయం అర్థం కానిది కాదు. కాని భయం ఎంత నిజమైనా, తాతలనాటి పొలం విడిచి నేపాలు తూర్పు జిల్లాల శిబిరాలలో వెదురు గుడిసెల క్రింద చేరిన లక్షమంది దుఃఖం అంతకంటె తక్కువ నిజం కాదు. దేశద్రోహి అనే ఒక్క మాటతో తుపాకి పట్టినవానినీ, అర్జీ పట్టుకొని నిలిచినవానినీ కలిపి చూచుట ఆ కాలపు తప్పు. తనను తాను రక్షించుకొనదలచిన ఏ శాంతిదేశానికైనా పొంచి ఉన్న తప్పు ఇదే.

చరిత్రలో కొన్ని తేదీలు ఒకదానినొకటి ప్రశ్నిస్తవి. దక్షిణపు అడవులలో సైన్యం పోరాడుతున్న ఆ వారంలోనే, 2003 డిసెంబరు 22న, నేపాలులోని ఖుదునాబారి శిబిరంలో శరణార్థుల వివరాలు పరిశీలించుటకు వచ్చిన భూటాన్ అధికారులు తిరిగి వచ్చుటకు గల షరతులు చెప్పినారు. ఆ షరతులు విన్న జనం ఆగ్రహించి రాళ్ళు విసిరినారు. అధికారులు వెళ్ళిపోయినారు. ఆ పరిశీలన మళ్ళీ సాగలేదు. అడవిలోని సాయుధులతో అన్నేండ్లు ఓర్పుగా మాట్లాడిన దేశం, తన పాత ప్రజలతో ఆ ఓర్పును చివరివరకు నిలుపుకొనలేకపోయినది. 2008 జనవరి 20న, మొదటి సాధారణ ఎన్నికలకు రెండు నెలల ముందు, థింఫులోనూ దక్షిణపు పట్టణాలలోనూ బాంబులు ప్రేలినవి. ఈసారి వాటిని పెట్టినామన్నవారు అస్సాంవారు కారు. శరణార్థుల మధ్య పుట్టిన సంస్థ. మూయని గాయంలో విషం చేరినట్లయినది. ఆ తరువాతి ఏండ్లలో లక్షమందికి పైగా శరణార్థులు అమెరికా మొదలైన దూరదేశాలలో స్థిరపడినారు. వారి సంతానం అక్కడి పౌరులైనది. ప్రమాదం ఆ విధంగా సమసిపోయినది. న్యాయం జరిగినదని మాత్రం చెప్పలేము.

అస్సాంలో ఆ పాత కథ ఎట్లు ముగిసినదో కూడ చెప్పవలెను. 2020 జనవరి 27న బోడో సాయుధ వర్గాలు భారత ప్రభుత్వంతో ఒప్పందం చేసికొన్నవి. కొద్దికాలానికే బోడో కూటమి తనను తాను రద్దుచేసికొన్నది. 2023 డిసెంబరు 29న ఉల్ఫాలోని చర్చల వర్గం ఒప్పందంపై చేవ్రాలు చేసినది. మరొక వర్గం అందులో చేరలేదు. ఆనాడు భూటాన్ అడవిలో పట్టుబడిన బురగోహాయిఁ కూడ చర్చలలో పాల్గొన్నవారిలో ఒకడు. యుద్ధం ముగించలేకపోయినదానిని మాట చాలవరకు ముగించినది. అయితే ఆ మాటకు చెవి దొరికినది అడవిలో దాగుకొనే చోటు పోయిన తరువాతనే. దండం లేని సామం కొన్నిసార్లు వినబడదు; సామం లేని దండం ఎన్నడూ ముగియదు. ఈ రెండూ ఒక్క చరిత్రలోనే మనకు కనబడుతున్నవి.

నేడు భూటాన్ తన సిద్ధతను మరొక రూపంలో చూచుకొంటున్నది. 2011లో ఐదవ రాజు జిగ్మే ఖేసర్ నమ్‌గ్యెల్ వాంగ్‌చుక్ ప్రారంభించిన దే-సూంగ్ అనే స్వచ్ఛంద సంస్థ పేరుకు శాంతిరక్షకులని అర్థం. నారింజరంగు దుస్తులు ధరించిన ఆ యువతీయువకులు భూకంపం, వరద, అగ్నిప్రమాదం వంటి ఆపదలలో మొదట చేరుకొంటారు. మహమ్మారి కాలంలో సరిహద్దు వెంబడి కాపలా కాచినారు. తుపాకి పట్టనివారు కూడ దేశరక్షణలో భాగమనే భావన అందులో ఉన్నది. ఏ లోయలో ఎవరికి ఏమి అవసరమో ఎరిగిన మనుష్యులు వేలకొలది ఉన్నచోట పరాయివాడు పదేండ్లు కనబడకుండా కాపురముండుట కష్టం.

2004లో బాంబు ప్రేలిన గెలెఫులోనే ఒక కొత్త నగరాన్ని నిర్మింతుమని 2023 డిసెంబరు 17న రాజు ప్రకటించినాడు. అది అస్సాం సరిహద్దున, బోడో ప్రాంతానికి ఎదురుగా ఉన్న చోటు. ఒకప్పుడు భయపడి తిరిగి చూడని పొలిమేర వైపు ఇప్పుడు దేశం ముఖం త్రిప్పుతున్నది. ఆ పొలిమేర నేల ఒకప్పుడు దున్నినవారిలో చాలామంది నేడు అక్కడ లేరు. కొత్త వీధులలో వారి భాష వినబడునా, తిరిగి చూడవచ్చిన వారి మనుమలకు ఆ వాకిలి తెరుచుకొనునా అనేది రాబోయే కాలం చెప్పవలెను. కావలివాని బలంతో పాటు, లోపలివారందరూ ఆ ఇంటిని తమదని అనుకొనినప్పుడే ఏ వాకిలికైనా నిజమైన కాపలా.